రక్తం ఎటు పోతోందో అడగండి

ఇందుకూరుపేట మండలంలో ఏ ఊరికి వెళ్ళినా వినబడే మాట ఒకటుంది: "రక్తం తక్కువగా ఉందన్నారు." నాట్లకు వెళ్ళే ఆడమనిషి అంటుంది. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే పెద్దాయన అంటాడు. మైపాడులో వల లాగే మనిషి అంటాడు. ఆ తర్వాత జరిగేది కూడా అందరిళ్ళలో ఒకటే. ఐరన్ మాత్రలో, టానిక్ సీసానో ఇస్తారు. ఇంట్లోవాళ్ళు బీట్‌రూట్, ఖర్జూరం, మునగాకు పెడతారు. కొన్నాళ్ళు ఓపిక వచ్చినట్టే ఉంటుంది. మాత్రలు ఆపగానే మళ్ళీ ఆయాసం, మళ్ళీ కాళ్ళు పీకడం, మళ్ళీ అదే టానిక్.

ఈ తిరుగుడంతటిలో ఒక ప్రశ్న అడగకుండా మిగిలిపోతోంది. ఉన్న రక్తం ఎటు పోతోంది?

గట్టుకు గండి పడిన మడికి ఎంత నీరు పెట్టినా నిలవదని పెన్నా డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కడుపులోనో పేగుల్లోనో సన్నగా రక్తం కారుతున్న మనిషికి టానిక్ పట్టడమూ అలాంటిదే. అలా కారుతోందా లేదా అన్నది తేల్చడానికి ఉపయోగపడే తేలికైన పరీక్ష ఒకటుంది. కంటికి కనబడని రక్తం మలంలో ఉందేమో చూసే పరీక్ష అది. డాక్టరు చీటీ మీద "స్టూల్ ఫర్ ఆకల్ట్ బ్లడ్" అని రాస్తారు. సూది పొడవరు, మత్తు ఇవ్వరు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. అయినా చీటీ తీసుకున్నవాళ్ళలో చాలామంది మొహమాటంతో, అసహ్యంతో దాన్ని మడిచి పక్కన పెట్టేస్తారు. "కడుపులో నొప్పి లేదు, మోషన్ బాగానే అవతా ఉంది, నాకెందుకమ్మా ఇదంతా" అంటారు. నొప్పి లేకపోయినా రక్తం పోతుంది. అందుకే ఈ పరీక్ష కావలసి వచ్చింది.

రోజుకొక టీస్పూను లెక్క

ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా పేగుల నుంచి రోజుకు అర మిల్లీలీటరు నుంచి ఒకటిన్నర మిల్లీలీటరు దాకా రక్తం మలంలోకి పోతుంది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మలం తారులా నల్లగా, జిగటగా రావాలంటే జీర్ణనాళం పై భాగంలో సుమారు 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం కారాలి. ఈ రెండింటి మధ్యనున్నదే ప్రమాదకరమైన జాగా. రోజుకు ఐదు, పది మిల్లీలీటర్లు పోతున్నా రంగు మారదు, నొప్పి ఉండదు, ఎవరికీ అనుమానం రాదు.

రోజుకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను పోతోందనుకుందాం. ఆరు నెలలకు 900 మిల్లీలీటర్లవుతుంది. రక్తదాన శిబిరంలో ఒకసారికి తీసుకునేది సాధారణంగా 350 మిల్లీలీటర్లు. ఆ లెక్కన ఆరు నెలల్లో రెండున్నర సార్లు రక్తం ఇచ్చినట్టు. ఆరోగ్యంగా ఉన్న మగవాడి దగ్గర కూడా మూడు నెలలకొకసారి మించి రక్తం తీసుకోరు. ఈ మనిషి మాత్రం విరామం లేకుండా, తనకు తెలియకుండా, రోజూ ఇస్తూనే ఉన్నాడు.

ఇనుము లెక్కలో చూస్తే సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. టీస్పూను రక్తంతో రెండున్నర మిల్లీగ్రాములు పోతుంది. మనం తిన్న తిండి నుంచి ఒళ్ళు రోజుకు పట్టుకోగలిగేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. అది మామూలు ఖర్చుకే సరిపోతుంది. లోటును ఒళ్ళు నిల్వలోంచి తీసి పూడుస్తుంది. ముందు నిల్వ కరుగుతుంది; ఫెరిటిన్ అనే రక్తపరీక్షలో తెలిసేది అదే. నిల్వ అయిపోయాక హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. ఇదంతా నెలల తరబడి మెల్లగా జరగడంతో మనిషి దానికి అలవాటు పడిపోతాడు. హిమోగ్లోబిన్ 7, 8 గ్రాములకు దిగిపోయినా పొలానికి వెళ్తూనే ఉంటాడు. అడిగితే "వయసు మీద పడింది కదా" అంటాడు.

ఎక్కడెక్కడ కారుతుంది

మన పల్లెల్లో మొదట అనుమానించాల్సింది నొప్పి మాత్రలను. నడుం వంచి నాట్లు వేసేవాళ్ళు, గుంటల్లో దిగి పనిచేసేవాళ్ళు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. పుండు పడుతుంది. ఒక్కోసారి ఆ పుండు నొప్పి పెట్టదు కూడా, రక్తం మాత్రం కారుతుంది. గుండెజబ్బు, పక్షవాతం రాకుండా వాడే యాస్పిరిన్ వల్ల కూడా ఇలా జరగవచ్చు. అయితే డాక్టరును అడగకుండా యాస్పిరిన్ ఎప్పుడూ ఆపకూడదు. ఆపితే వచ్చే ముప్పు ఇంకా పెద్దది కావచ్చు. మాత్రలు వాడనివాళ్ళలో కడుపు పుళ్ళకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దీనికి మందు కోర్సు ఉంది.

రెండోది కొంకిపురుగు. ఇసుక కలిసిన తేమ నేల, కాస్త నీడ దీని పిల్లలకు బాగా అనువు. చెప్పుల్లేని పాదం చర్మంలోంచి లోపలికి దూరి, చివరికి చిన్నపేగు గోడను కరుచుకుని రక్తం పీలుస్తుంది. రకాన్ని బట్టి ఒక్కో పురుగు రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. వంద పురుగులుంటే 3 నుంచి 20 మిల్లీలీటర్లు. మలపరీక్షతో ఈ జబ్బును పట్టుకోవడం మనకు కొత్త కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1920లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆ ప్రెసిడెన్సీలో కొంకిపురుగు నిర్మూలన పని మొదలుపెట్టింది. ఇవాళ ఒకటి నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలకు నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నారు. వాళ్ళ తాతకు, నాయనమ్మకు ఆ మాత్ర ఎవరూ ఇవ్వరు. కాబట్టి శాంపిలు ఇచ్చేటప్పుడు రక్తం పరీక్షతోపాటు పురుగు గుడ్లు ఉన్నాయేమో మైక్రోస్కోపులో చూడమని కూడా డాక్టరును అడగండి.

మూడోది పెద్దపేగు. వయసు పెరిగేకొద్దీ పెద్దపేగు లోపలి గోడ మీద పాలిప్ అనే కండ పెరగవచ్చు. చాలా పాలిప్‌లు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం, సాధారణంగా పదేళ్ళో అంతకన్నా ఎక్కువో తీసుకుని, క్యాన్సరుగా మారతాయి. పెద్ద పాలిప్, తొలిదశ క్యాన్సరు రెండూ అప్పుడప్పుడు కాస్త రక్తం కార్చి ఊరుకుంటాయి. ఆ దశలో దొరికితే పాలిప్‌ను కత్తిరించి తీసేయవచ్చు. తొలిదశ క్యాన్సరుకు ఆపరేషనుతో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మొలలు కూడా రక్తం కారుస్తాయి. అది ఎర్రగా, కంటికి కనబడేలా, మోషన్ చివర చుక్కలుగా పడుతుంది. అయితే రక్తం పడ్డ ప్రతిసారీ "మొలలేలే" అని సరిపెట్టుకోవడం ప్రమాదం. మొలలున్న మనిషికి పైన ఇంకో జబ్బు ఉండకూడదని లేదు.

పరీక్ష రెండు రకాలు

మొదటిది పాతది. గ్వాయక్ అనే చెట్టు బంక పట్టించిన కాగితం మీద మలాన్ని పల్చగా పూస్తారు. దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ద్రావకం రెండు చుక్కలు వేస్తారు. రక్తంలోని హీమ్ అనే పదార్థం ఉంటే నిమిషంలోపే కాగితం మీద నీలం రంగు తేలుతుంది. 1967లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వైద్యుడు డేవిడ్ గ్రీగర్ ఈ కాగితాన్ని రోగి ఇంటికే ఇచ్చి, అక్కడే పూసి పంపమనే పద్ధతిని ముందుకు తెచ్చారు. పేగు క్యాన్సర్ పరీక్ష ఇంటి గడప దాకా వచ్చింది అలాగే. మన ల్యాబుల్లో ఒకప్పుడు బెంజిడిన్ అనే రసాయనంతో కూడా ఇలాగే చూసేవారు. అది మూత్రాశయ క్యాన్సరు తెస్తుందని తేలాక చాలాచోట్ల మానేశారు.

ఈ పాత పరీక్షకు ఒక చిక్కుంది. హీమ్ మనిషిదా, మేకదా అన్న తేడా దానికి తెలియదు. వేటమాంసం, కాలేయం, నెత్తురు వేపుడు తింటే రోగం లేకపోయినా నీలం రావచ్చు. పచ్చి ముల్లంగి, కాలీఫ్లవర్ లాంటివాటి వల్ల కూడా రావచ్చు. సి విటమిన్ మాత్రలు రోజుకు 250 మిల్లీగ్రాములు మించి వాడితే ఉన్న రక్తం కూడా కనబడకుండా పోవచ్చు. అందుకే పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి ఇవన్నీ మానమంటారు, మూడు వేరువేరు మోషన్ల నుంచి శాంపిలు తీయమంటారు.

రెండోది కొత్తది. ఫిట్ అంటారు. ఇది మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను మాత్రమే యాంటీబాడీలతో పట్టుకుంటుంది. ముందురోజు ఏం తిన్నా ఫరవాలేదు, పథ్యం అక్కర్లేదు. చాలావరకు ఒక్క శాంపిలు చాలు. కార్డు రకంలో గీతలను బట్టి ఉందా లేదా చెబుతారు. మిషను రకంలో గ్రాము మలానికి ఎన్ని మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ ఉందో అంకె ఇస్తారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కడుపులో కారిన రక్తంలోని గ్లోబిన్ చిన్నపేగు దాటేలోపే అరిగిపోతుంది. కాబట్టి ఫిట్ ప్రధానంగా పెద్దపేగు సంగతి చెబుతుంది. నొప్పి మాత్రలతో కడుపులో పడిన పుండు దానికి దొరకకపోవచ్చు. పాత పరీక్షకు పై నుంచి వచ్చే రక్తం కొంతవరకు దొరుకుతుంది. మీకు రాసింది ఏ రకమో, ఏ జాగా కోసం రాశారో డాక్టరును అడిగి తెలుసుకోండి. రిపోర్టు విలువ దాన్ని బట్టే ఉంటుంది.

శాంపిలు పట్టే పద్ధతి

పరీక్ష తప్పడానికి ఎక్కువగా దారితీసేది ల్యాబు కాదు, శాంపిలు పట్టిన తీరు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది కూర్చునే ఇండియన్ బేసిన్. ముందు మూత్రానికి వెళ్ళి రండి. తర్వాత బేసిన్‌లో నీళ్ళు పోయకుండా, పొడిగా ఉన్న వెడల్పు భాగంలో ఒక పేపర్ ప్లేటు పెట్టండి. మోషన్ దాని మీద పడాలి. నీళ్ళు, మూత్రం, ఫినాయిల్ తగిలితే శాంపిలు పనికిరాదు. డబ్బాతో ఇచ్చిన పుల్లతో ఒకేచోట నుంచి కాక, నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీయండి. రక్తం అంతటా సమానంగా కలిసి ఉండదు. మొత్తం చిక్కుడు గింజంత ఉంటే చాలు. ఫిట్ గొట్టమైతే పుల్ల మీది గాళ్ళు నిండితే సరిపోతుంది, ఎక్కువ పెట్టినంత మాత్రాన మంచి ఫలితం రాదు. మూత గట్టిగా బిగించి, పేరు, వయసు, తేదీ, టైము రాయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్లేటును బేసిన్‌లో పడేయకండి, అడ్డం పడుతుంది.

అగ్గిపెట్టెలో, పాత మందుసీసాలో, ఆకులో చుట్టి తేవద్దు. ల్యాబులోనో మందుల షాపులోనో మూత డబ్బా అడిగి తీసుకోండి. ఆడవాళ్ళు నెలసరి రోజుల్లో, ఎవరైనా సరే మొలల నుంచి రక్తం పడుతున్న రోజుల్లో శాంపిలు ఇవ్వకూడదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే మోషన్ నల్లగా వస్తుంది. అది మాత్రల రంగే, కంగారు పడకండి. ఆ సంగతి ల్యాబులో చెప్పండి.

ఎండ సంగతి మన జిల్లాకు మరీ ముఖ్యం. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతుంది. ఇటలీలో వేసవి నెలల్లో ఫిట్ పాజిటివ్‌లు తగ్గుతున్నాయని అక్కడి పరిశోధకులు 2010లో ప్రచురించారు. జబ్బు తగ్గినందువల్ల కాదు, శాంపిళ్ళు వేడికి చెడినందువల్ల. అక్కడి వేసవికే అలా ఉంటే రోహిణీకార్తె ఎండలో బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం నెల్లూరు తీసుకుపోయిన డబ్బా మాటేమిటి? పొద్దున పట్టి, పొద్దున్నే ఇచ్చేయండి. వీలుకాకపోతే గట్టి కవరులో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, డీప్ ఫ్రిజ్‌లో వద్దు.

రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఏ లక్షణమూ లేనివాళ్ళకు కొన్ని దేశాల్లో దేశమంతటా ఈ పరీక్ష చేసే కార్యక్రమాల్లో చూస్తే, పాజిటివ్ వచ్చిన వందమందిలో క్యాన్సరు తేలేది సాధారణంగా పదిమందికి లోపే. ఇంకా చాలామందిలో పాలిప్‌లు దొరుకుతాయి. మిగిలినవాళ్ళలో మొలలు, వాపులు ఉంటాయి, కొందరిలో ఏమీ ఉండదు. పాజిటివ్ అంటే "లోపల చూడాలి" అని అర్థం. పెద్దపేగును కొలనోస్కోపీతో చూస్తారు. ముందురోజు పేగు శుభ్రం కావడానికి మందునీళ్ళు తాగిస్తారు, తర్వాత కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చూస్తారు. పాలిప్ కనబడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు. కడుపును నోటి ద్వారా ఎండోస్కోపీతో చూస్తారు.

పాజిటివ్ వచ్చాక జనం చేసే పెద్ద పొరపాటు ఇంకో ల్యాబులో మళ్ళీ చేయించుకోవడం. రెండోసారి నెగటివ్ వస్తే గండం గడిచిందని ఊరుకుంటారు. పాలిప్, క్యాన్సరు రోజూ కారవు. ఇవాళ కారి, రేపు ఆగి, వారానికి మళ్ళీ కారుతాయి. రెండోసారి రక్తం లేకపోవడం మొదటిసారి కనబడిన రక్తాన్ని చెరిపేయదు. ఒక్కసారి పాజిటివ్ వచ్చినా లోపల చూపించుకోవాల్సిందే.

నెగటివ్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ఒక్కసారి చేసిన ఫిట్ పెద్దపేగు క్యాన్సర్లలో నాలుగింట మూడొంతుల దాకా పట్టుకుంటుంది, మిగతావి తప్పిపోతాయి. పెద్ద పాలిప్‌లలో తప్పిపోయేవే ఎక్కువ. అందుకే దీన్ని ఏటా చేస్తేనే బలం. ఇక ఐరన్ లోపంతో రక్తం తగ్గినట్టు తేలిన మగవాళ్ళు, ముట్లుడిగిన ఆడవాళ్ళు నెగటివ్ రిపోర్టు చూసుకుని ఇంట్లో కూర్చోకూడదు. వాళ్ళకు కడుపు, పెద్దపేగు రెండూ గొట్టం వేసి చూడాలన్నది వైద్య సంఘాల సలహా.

కొందరికి అసలీ పరీక్ష కోసం ఆగే పనే లేదు. మోషన్‌లో ఎర్రటి రక్తం కంటికి కనబడేవాళ్ళు, మోషన్ తారులా నల్లగా అవుతున్నవాళ్ళు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్ళు, కొత్తగా విరేచనాలో మలబద్ధకమో మొదలై వారాలైనా తగ్గనివాళ్ళు, మింగుడు పడనివాళ్ళు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నల్లటి మోషన్‌తోపాటు కళ్ళు తిరిగి పడిపోతే అది అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి.

లోకం ఎక్కడుంది, మనం ఎక్కడున్నాం

ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని గట్టిగా తేల్చింది అమెరికాలోని మిన్నెసోటా అధ్యయనం. 1975లో మొదలై, 46 వేల మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మలపరీక్ష చేయించుకున్నవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయి. జపాన్ 1992 నుంచి నలభై దాటినవాళ్ళకు ఈ పరీక్ష చేస్తోంది. ఇంగ్లండ్ 2019లో పాత కాగితం మానేసి ఫిట్‌కు మారింది. అమెరికాలో పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు.

మన దేశంలో అలాంటి కార్యక్రమం లేదు. ముప్ఫై దాటినవాళ్ళకు ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి మాత్రమే. పెద్దపేగు క్యాన్సర్ మన జనాభాలో పడమటి దేశాలంత ఎక్కువ లేకపోవడం దానికొక కారణం. అందుకని ఇందుకూరుపేటలో ప్రతి ఇంటికీ డబ్బా పంచాలని నేను అనను. తల్లికో తండ్రికో తోబుట్టువుకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరుతో మాట్లాడి తీరాలి. వాళ్ళకు మలపరీక్ష కన్నా నేరుగా కొలనోస్కోపీ, అదీ ఇంకా చిన్న వయసులోనే, అవసరం కావచ్చు.

నా ఆందోళనంతా రక్తం తక్కువగా ఉన్న పెద్దవాళ్ళ గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని చెప్పింది. వాళ్ళలో తిండిలో ఇనుము చాలకపోవడం, నెలసరిలో ఎక్కువ పోవడం, కాన్పులు ముఖ్య కారణాలు. వాళ్ళకు ముందు అవే చూడాలి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలను, కౌమారంలో ఉన్నవాళ్ళను, పిల్లలు కనే వయసులోని ఆడవాళ్ళను, గర్భిణులను, బాలింతలను లెక్కలోకి తీసుకుంది. యాభై దాటిన ఆడమనిషి, ఏ వయసు పెద్ద మగవాడైనా, ఆ జాబితాలో లేరు. పేగుల్లోంచి రక్తం పోతోందేమోనని ముందుగా అనుమానించాల్సింది సరిగ్గా ఈ మనుషుల్లోనే.

కాబట్టి మగవాళ్ళకు 13 గ్రాములు, ఆడవాళ్ళకు 12 గ్రాములు అన్న గీత గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్ ఆ గీత కిందికి దిగితే టానిక్‌తో తిరిగి రాకండి. ఫెరిటిన్ చూశారా, మోషన్ పరీక్ష రాశారా, నొప్పి మాత్రల సంగతి అడిగారా అని డాక్టరును అడగండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసుకుని తీసుకెళ్ళండి. ఊళ్ళో ఆశా కార్యకర్తకు కూడా ఆ పెద్దవాళ్ళ పేరు రాసుకోమని చెప్పండి. గొట్టం పరీక్ష అవసరమైతే నెల్లూరు పెద్దాసుపత్రికి చీటీ అడగండి. జబ్బు తేలితే ఆపరేషనుకు ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరుతో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఐరన్ మాత్రలు కూడా మానొద్దు, అవి కావలసిందే. కారణం వెతకడమూ, మాత్రలు వాడడమూ రెండూ ఒకేసారి జరగాలి.